తులసి యేల వాడెను?

ఇంట తులసి వాడినచో ఇల్లాలి మనస్సు కలతపడుట మనలో ఎన్నటినుండియో యున్నది. ఇతర మొక్క యేది యెండినను "పోనిండు, మరియొకటి నాటుకొందము" అందుము. తులసి యెండినప్పుడు మాత్రము ఎవరివలన నెండినదని వెదకుదుము. ఆ వెదకుటలో చూపు తరచుగా ఇంటికి క్రొత్తగా వచ్చిన కోడలివైపు తిరుగును. ఈ వ్యాసము కుండీమొక్కల వేరుకుళ్ళును గూర్చినదే యయినను, దీనిని వ్రాయ మమ్ము పురికొల్పినది అట్టి యొక కోడలి కన్నీరు.

మా యింటికి రెండిండ్ల యవతల నున్న కుటుంబమున గడచిన వైశాఖమాసమున కుమారుని వివాహము జరిగినది. కోడలు జ్యేష్ఠమున కాపురమునకు వచ్చి, ఆషాఢమున పుట్టినింటికేగి, శ్రావణమున మరల వచ్చినది. వచ్చిన నాలుగు దినములకు తులసి తల వాల్చెను. పిదప క్రింది యాకులు పసుపువన్నె దాల్చి రాలినవి. కొమ్మల కొనలు కొన్ని నల్లబడినవి. అత్తగారు పరుషముగా నేమియు ననలేదు. కాని సంధ్యాదీపము పెట్టువేళ, "ఇన్నేండ్లలో ఈ కోటలో తులసి యిట్లగుట యెరుగము" అని నిట్టూర్చిరట. ఆ మాట చాలదా? వినవలసినవారికి వినబడనే వినబడినది.

ఆ చిన్నది మా యింటికి వచ్చి, "పిన్నిగారూ, స్నానము చేసి దినమును చెంబెడు నీళ్ళు పోయుచునే యున్నాను. వాడినది చూచి ఇప్పుడు రెండేసి చెంబులు పోయుచున్నాను. ఇంక నేనేమి చేయవలెను?" అని యేడ్చినది. రెండు చెంబులను మాట వినగనే మాకు విషయము సగము బోధపడెను. ఏలయన, ఆ తప్పు మేమును చేసినవారమే.

మేము పోగొట్టుకొన్న మల్లె

మా వారు బడిపంతులు. బదిలీ యైనప్పుడెల్ల సామానుతోపాటు కుండీలను గూడ బండి కెక్కించుట మాకలవాటు. వానిలో నొకటి మా తల్లిగారు తమ పెరటిలోని అంటుకొమ్మను కుండీలో నాటి యిచ్చిన గుండుమల్లె. ఒక వానకాలమున దాని యాకులు వాడి వ్రేలినవి. దాహమనుకొని నీరు పోసితిమి. ఇంకను వాడెను. బలము చాలలేదనుకొని వేరుసెనగచెక్క నానబెట్టిన నీరు పోసితిమి. వారము దినములలో ఆకులన్నియు రాలిపోయెను. తుదకు మొదలు పట్టి లాగగా ఏ పట్టును లేక ముల్లంగివలె పైకి వచ్చినది. వేళ్ళకు బదులు గోధుమవన్నె పీచు, మన్ను మురుగుకంపు. అప్పటికి మా తల్లిగారు గతించి రెండేండ్లయినది. కావున ఆ మల్లె మాకు మరల దొరకునది కాదు. దానిని చంపినది నీటికొరత కాదు, మా చెంబు.

వేళ్ళును ఊపిరి పీల్చును

సంస్కృతమున చెట్టునకు పాదపమని పేరు. పాదములతో త్రాగునది యని యర్థము. చిన్నతనమున నిఘంటువు వల్లించునాడు ఈ పేరు మాకెంతయో ముచ్చట గొల్పెను. కాని చెట్టు పాదములతో త్రాగుట మాత్రమే కాదు, ఊపిరియు పీల్చును. ఆకులలో తయారై క్రిందికి దిగిన చక్కెరను ప్రాణవాయువుతో కలిపి, శక్తిగా మార్చుకొనినగాని వేళ్ళు జీవింపలేవు. నీటిని సరిగా లోనికి తీసికొనలేవు. ఆ గాలి మన్నులోని సన్నని సందులలో నుండును. మితిమీరి నీరు పోసినప్పుడు ఆ సందులన్నియు నీటితో నిండి గాలి వెడలిపోవును. నీటిలో ప్రాణవాయువు వ్యాపించు వేగము గాలిలోకంటె సుమారు 10,000 రెట్లు తక్కువ. అందుచే వేళ్ళు నీటి నడుమనుండియు ఉక్కిరిబిక్కిరియై చచ్చును. చచ్చిన వేరు నీరు త్రాగలేదు గాన పైన నాకు వాడును. వాడిన యాకును చూచి మనము మరల నీరు పోయుదుము. రోగమును మందని యిచ్చుట యిదియే.

ఇట్లు బలహీనమైన వేళ్ళను పట్టుకొనుటకు మన్నులో కంటికి కనబడని జీవులు కాచుకొని యుండును. రైజోక్టోనియా, ఫ్యుజేరియము అనునవి నిజమైన బూజుజాతివి. పిథియము, ఫైటోఫ్తొరా అనునవి బూజువలె కనబడునుగాని, శాస్త్రజ్ఞుల లెక్కలో సముద్రపు గోధుమవన్నె పాచికి దగ్గర చుట్టములు. వీని బీజములకు సన్నని తోకలుండును. తడిమన్నులోని నీటిలో నవి యీదుచు వేరును చేరును. నీరు నిలిచినచోట నవి యేల చెలరేగునో దీనినిబట్టి తెలియును.

ఈ జీవులు చిన్నవని తేలికగా చూడరాదు. 1845లో ఐర్లండు దేశమున బంగాళాదుంప పంటను నాశనముచేసి, మహాక్షామమునకు దారితీసినది ఫైటోఫ్తొరా జాతిలోనిదే. 1876లో డిబారీ యను జర్మను శాస్త్రజ్ఞుడు ఆ జాతికి ఈ పేరు పెట్టెను. మొక్కలను నాశనముచేయునదని దాని యర్థము. మన గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్ళి చచ్చుచుండగా, బట్లరను శాస్త్రజ్ఞుడు పరిశోధించి, అందుకు మూలమైన జీవిని 1907లో వర్ణించెను. అదియు నేడు ఫైటోఫ్తొరా జాతిలోనే లెక్కింపబడుచున్నది. ఆకాశమునంటు తాడిని కూల్చిన వంశము మన కుండీలోని మొక్కను విడుచునా?

దాహమా, కుళ్ళా?

రెంటను ఆకు వాడును. భేదము మన్నులో తెలియును. వ్రేలిని రెండు కణుపుల లోతు మన్నులో గ్రుచ్చి చూడవలెను. పొడిగా నుండి కుండీ యెత్తిన తేలికగా నున్నచో అది దాహము. నీరు పోసిన కొన్ని గంటలలో మొక్క తల యెత్తును. మన్ను తడిగా, కుండీ బరువుగా నుండియు ఆకు వాడినచో వేళ్ళను శంకింపవలెను. మిట్టమధ్యాహ్నపు టెండలో వాడి సాయంకాలమునకు తేరుకొనుట సహజమే. తెల్లవారినను తేరుకొననిదే ప్రమాదము. క్రింది యాకులు పసుపుబారి రాలుట, క్రొత్త చిగురు రాకుండుట, మొదలు నేలనంటుచోట నల్లబడి మెత్తబడుట, మన్ను కంపుకొట్టుట, ఇవి తక్కిన గురుతులు.

వాడిన ప్రతి మొక్కయు వేరుకుళ్ళుతోనే వాడునని కాదు. వేళ్ళపై ముడులు ముడులుగా బుడిపెలున్నచో అది కంటికి కనబడని పురుగుల పని. తులసి వెన్నులు వైచి, విత్తు ముదిరి, రెండు మూడేండ్లకు కట్టెబారి క్షీణించుట దాని యాయుర్ధర్మము. చలికాలమున ఆకు రాల్చుటయు కలదు. ఇందు దేనియందును ఇంటివారి పాపపుణ్యముల ప్రసక్తి లేదు.

కోటలో నేమి కనబడినది

మేమా యింటికి పోయి చూచితిమి. పెండ్లికని పాత యిటుకకోటను తీసి సిమెంటుతో క్రొత్తకోట కట్టించి, నలువైపుల రంగుపలకలతికించి యున్నారు. చూచుట కెంతయో యందముగా నున్నది. మన్నులో వ్రేలు పెట్టగా బురద. కోట చుట్టును తిరిగి అడుగున తూమునకై వెదకితిమి. తూము లేదు! పాతకోట యిటుకల సందులగుండ నీరు ఊరి వెడలిపోయెడిది. ఈ క్రొత్తకోట నీరు పట్టిన తొట్టివలె నున్నది.

పిదప, "తులసికి నీరెవరెవరు పోయుదురు?" అని యడిగితిమి. పూజానంతరము మామగారొక చెంబు, అత్తగారొక చెంబు, పనికి పోవుచు కుమారుడొక చెంబు, కోడలొక చెంబు. పైన ఆషాఢపు వానలు. ఎవరికి వారు తాము పోసినది ఒక్క చెంబే యనుకొనిరి. తులసి త్రాగవలసినది నాలుగు చెంబులు.

"వదినగారూ, కోడలును కోటయు ఒక్క పెండ్లికే మీ యింటికి వచ్చినవి. తులసి వాడినది ఏ రాకవలననో త్రవ్వి చూతమా?" అంటిమి. ఆమె కొంత తడవు మాటాడక, "నేడు శుక్రవారము. తులసిని ముట్టరాదు. సోమవారము చూడుడు" అనిరి. మేమును బలవంతపెట్టలేదు. ఆ మూడు దినములును ఎవరును నీరు పోయక, వాన పడకుండ పైన నొక గొడుగు కట్టి యుంచితిమి. కోడలు పుట్టినింట నున్న ఆషాఢమాసములోనే క్రింది యాకులు రాల మొదలిడినవని మామగారు అప్పుడు జ్ఞాపకము చేసికొని చెప్పిరి.

సోమవారము ఉదయమున చిన్న గునపముతో మన్ను వదులుచేసి మొక్కను పైకి తీసితిమి. ఆరోగ్యమైన వేరు తెల్లగా, గట్టిగా నుండి విరిచిన పుటుక్కుమనును. కుళ్ళిన వేరు గోధుమవన్నెగా మెత్తబడి, వ్రేళ్ళతో లాగిన పైతొడుగు జారిపోయి లోపల దారమువంటిది మిగులును. అత్తగారి చేతనే ఆ వేళ్ళను లాగించితిమి. తొడుగు ఆమె వ్రేళ్ళకంటుకొని వచ్చినది. మొదలు చుట్టును గోధుమవన్నె పట్టి యుండుటచే ఆ మొక్కను బ్రదికించు నాశ లేదని చెప్పితిమి. కాని పైకొమ్మలలో పచ్చనివి యింకను గలవు.

చికిత్స

వేళ్ళు సగమైన మిగిలియున్న మొక్కను బ్రదికింపవచ్చును. మల్లె పోయిన మరుసటియేట మా మందారమునకు ఇదే రోగము రాగా మేము చేసినదిది.

మొదలును రెండు వ్రేళ్ళ నడుమ పట్టి, కుండీని తలక్రిందులుచేసి, అంచును మెల్లగా తట్టి మొక్కను మన్నుతోసహా వెలికి తీసితిమి. పారునీటిలో వేళ్ళను కడిగి, స్పిరిటుతో తుడిచిన కత్తెరతో కుళ్ళినవాని నన్నిటిని తెల్లని భాగమువరకు కత్తిరించితిమి. ఇక్కడ జాలి పనికిరాదు. వదలిన కుళ్ళు ముందుకు ప్రాకును. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున చెట్లకు చికిత్స చెప్పుచు, చెడిన భాగమును ముందుగా శస్త్రముతో తీసి శుభ్రపరచుమన్నాడు. పదునాలుగు వందల యేండ్లకు పూర్వపు మాట నేటికిని సరియే.

వేళ్ళు తగ్గినప్పుడు పైభారమును తగ్గింపవలెను గాన, కొమ్మలలో మూడవవంతు కత్తిరించితిమి. పాతమన్ను పారవైచితిమి, దానిని వేరొక కుండీలో వాడరాదు. కుండీని తోమి, ఒక పాలు బ్లీచింగు ద్రావకమునకు తొమ్మిది పాళ్ళ నీరు కలిపి అరగంట నానబెట్టి, కడిగి, ఎండబెట్టితిమి. మిగిలిన వేళ్ళకు సరిపడునంత చిన్నకుండీలోనే మరల నాటితిమి. పెద్దకుండీలో వేరు చేరని మన్ను చాలకాలము తడిగా నుండి మరల కీడు చేయును. ఒక్కమారు అడుగునుండి కారునంతగా నీరు పోసి, వెలుతురుగల నీడలో నుంచితిమి. క్రొత్తచిగురు కనబడువరకు ఎరువు వేయలేదు. గాయపడిన వేరునకు ఎరువు కారమువంటిది.

మందులను గూర్చి యొక మాట. మందు చచ్చిన వేరును బ్రదికింపదు. మిగిలినదానిని కాపాడును, అంతియే. 1885లో ఫ్రాన్సుదేశమున మిల్లార్డే యను శాస్త్రజ్ఞుడు మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డోమిశ్రమము ద్రాక్షతోటల తెగులునకు మందని ప్రకటించినది మొదలు, రాగిమందులు వాడుకలో నున్నవి. నేడు కాపర్ ఆక్సీక్లోరైడు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి వేళ్ళచుట్టును పోయుదురు. ట్రైకోడెర్మా యనునది చెడుబూజును తినివైచు మంచిబూజు. చివికిన పశువులయెరువులో కలిపి మన్నులో వేసినచో ముందుగానే కాపుకాయును. ఈ రెంటిని ఒకేమారు వాడరాదు. రాగి ఆ మంచిబూజును గూడ చంపవచ్చును. తీర్థములో వేసికొను తులసికిని, వంటలో వేయు కరివేపాకునకును రాగిమందుల జోలికి పోక, శుభ్రతను ట్రైకోడెర్మాను నమ్ముకొనుట మేలు. కోసినచోట పసుపు అద్దుట తప్పుకాదు గాని, కోయవలసినది కోయక పసుపు చల్లిన ఫలము లేదు.

కుండీలో నీరు నిలువకుండుటకు

కుండీ యడుగున రంధ్రముండుట మొదటి నియమము. కట్టించిన కోటకు అడుగున తూము పెట్టింపవలెను. వీలుకానిచో కోటలో రెండిటుకలు వైచి, వానిపై రంధ్రముగల మట్టికుండీ నుంచుడు. పళ్ళెములో చేరిన నీటిని పారబోయుడు. ఒక కుండీపళ్ళెపు నీరు మరియొక కుండీకి పోసినచో రోగమును చేత మోసినట్లే.

అడుగున గులకరాళ్ళు పోసిన నీరు చక్కగా దిగునని చాలమంది నమ్మకము. మేమును అట్లే నమ్మి మల్లెకుండీలో నాలుగంగుళముల రాళ్ళు పోసితిమి. అది సరికాదు. ఉతికిన తువ్వాలును దండెముపై వేయగా తడి యంతయు క్రిందియంచున చేరి నిలుచును గదా! మన్నును అట్టిదే. సన్నని మన్నులోని నీరు పెద్దసందులుగల రాళ్ళలోనికి సులభముగా దిగదు. మన్ను అడుగుభాగము పూర్తిగా తడిసి చిప్పిలిన పిమ్మటనే దిగును. రాళ్ళు పోసినకొలది ఆ తడిపొర పైకి, వేళ్ళ దగ్గరకు, జరుగునేగాని తగ్గదు. రంధ్రముపై మన్ను జారకుండ ఒక పెంకుముక్క బోర్లించిన చాలును.

మన్నును గుల్లగా చేసికొనుటయే అసలు ఉపాయము. ఎఱ్ఱమన్ను ఒకపాలు, ముదుక యిసుక ఒకపాలు, బాగుగ చివికిన పశువులయెరువు ఒకపాలు మా వాడుక. సన్నయిసుక మన్నుతో కలిసి గట్టిపడును గాన వలదు. నల్లరేగడి నీటిని వదలదు. కొబ్బరిపొట్టు తేలికయేగాని తడిని చాలకాలము పట్టియుంచును. వానకాలమున మితముగా వాడవలెను. మట్టికుండీ పక్కలనుండి తడి నార్చుకొనును. ప్లాస్టికుకుండీకి ఆ గుణము లేదు గాన నీరు తగ్గింపవలెను.

నీటికి గడియారము లేదు. వేసవిలో దినమును కావచ్చును. ముసురులో వారమునకొకసారియు వలదు. పైమన్ను అంగుళము లోతువరకు ఆరినదా యని వ్రేలితో చూచి పోయుటయే విధి.

కొమ్మలు

ఇంక ఆ యింటి తులసి కథ. పచ్చనికొమ్మలారింటిని జానెడు మించకుండ కోసి, వెన్నులు తుంచి, క్రిందియాకులు తీసి, గాజులోటాలో నీరు పోసి కిటికీవద్ద నుంచితిమి. నీటిని మార్చు పనిని కోడలికప్పగించితిమి. పండ్రెండు దినములకు నాలుగింటికి దారములవలె తెల్లనివేళ్ళు వచ్చినవి, రెండు కుళ్ళినవి. మేస్త్రిని పిలిపించి కోటకు అడుగున తూము తొలిపించిరి. కొంతకాలము చిన్నకుండీలో పెరిగిన తరువాత కార్తికమున ఒకదానిని కోటలో నాటిరి. అత్తగారు తామే నాటుదురనుకొంటిమి. వారు కోడలిచేతికిచ్చి, "నీవు బ్రదికించినది, నీవే నాటుము" అనిరి. నిట్టూర్చిన నాటి మాటను గూర్చి మరేమియు ననలేదు. ఆ చిన్నదియు నడుగలేదు.

నిత్యము నీరు పోయు నాచారము మాటయేమి? వారింట నిప్పుడొక యేర్పాటున్నది. మన్ను చూచి నీరు పోయు భారము కోడలిది. తక్కినవారు ఉద్ధరిణెడు నీరు మొదటవిడిచి నమస్కరింతురు. భక్తికి కొలత చెంబు కాదని మామగారే నవ్వుచు చెప్పిరి.

నాలుగింటిలో నొకటి మా యింటికి వచ్చినది. మల్లె యుండిన చోటనే దాని నుంచితిమి. ప్రతియుదయమును చెంబు పట్టుకొనుటకు ముందు వ్రేలితో మన్ను నంటి చూతుము. సోదరీమణులారా, మీ యింట నేమొక్క వాడినను ముందుగా అట్లు చూడుడు. ఎవరినైన ననవలసివచ్చినచో వేళ్ళను చూచిన పిమ్మట ననవచ్చును.